ఏపీ 09కీ ఓ పరీక్ష!

పదిహేనేళ్లు నిండిన కారు మళ్లీ రోడ్డెక్కాలంటే తనిఖీలో నెగ్గాలి. పాత బండి అక్కడ తప్పేది పెద్ద జబ్బులతోనే కాదు, ఏళ్ల తరబడి మనం పట్టించుకోని చిన్న చిన్న లోపాలతో కూడా!

అమీర్‌పేట అంటేనే పరీక్షల పేట. మైత్రీవనం చుట్టూ, ఆదిత్య ఎన్‌క్లేవ్ సందుల్లో ఎటు చూసినా కోచింగ్ బోర్డులే. జావా నుంచి బ్యాంకు ఉద్యోగం దాకా ఏదో ఒక పరీక్షకు తయారయ్యే పిల్లలే. అదే రోడ్డు మీద, ఆ పిల్లల పక్క నుంచే, తామూ ఓ పరీక్ష రాయాల్సి ఉందన్న సంగతి తెలియకుండా తిరిగేస్తున్నవాళ్లు మరికొందరున్నారు. మనుషులు కాదు... కార్లు!

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నంబరు ప్లేట్లు ఓసారి చూడండి. టీజీ 09 అని ఉంటే 2024 మార్చి తర్వాత రిజిస్టరైన కారు. టీఎస్ 09 అయితే 2014 జూన్ తర్వాతిది. ఏపీ 09 అని ఉందంటే రాష్ట్ర విభజనకు ముందే ఖైరతాబాద్‌లో నంబరు తీసుకున్న బండి. ఆ వరుసలో ఆఖరున వచ్చిన కారుకు కూడా 2029 జూన్‌తో పదిహేనేళ్లు నిండుతాయి. 2010లోనో, అంతకుముందో కొన్న మారుతి 800లూ, జెన్‌లూ, శాంత్రోలూ, ఇండికాలూ ఆ గీత ఎప్పుడో దాటేశాయి.

ఆ గీత దాటితే ఏమవుతుంది? మన ఆర్సీ చెల్లదు. బండి నడుస్తుంది, హారన్ మోగుతుంది, పెట్రోలు బంకులో పెట్రోలు పోస్తారు. కానీ చట్టం దృష్టిలో అది రిజిస్ట్రేషన్ లేని కారు!

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందుకు...

మోటారు వాహనాల చట్టం-1988 ప్రకారం సొంతానికి వాడుకునే కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లే చెల్లుతుంది. తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. గడువు ముగియడానికి అరవై రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు. అమీర్‌పేట, పంజాగుట్టల వాళ్లకు ఆర్టీయే ఆఫీసంటే ఖైరతాబాదే. ఆన్‌లైన్‌లో స్లాట్ తీసుకుని, ఆ రోజున కాగితాలతో పాటు కారునూ తీసుకెళ్లాలి. అక్కడ మోటారు వాహనాల తనిఖీ అధికారి బండిని పరీక్షిస్తారు. మన పెద్దవాళ్లు ఆయన్ను ‘బ్రేక్ ఇన్‌స్పెక్టర్’ అంటారు. పేరులోనే ఉంది చూశారూ... ఆయన మొదట అడిగే ప్రశ్న ఏమిటో!

ఇక్కడో విచిత్రం గమనించాలి. పసుపు నంబరు ప్లేటున్న ట్యాక్సీకి మొదటి ఎనిమిదేళ్లూ రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. పిల్లల్ని ఎక్కించుకునే స్కూలు బస్సుకూ అంతే. అదే పిల్లల్ని మనం తెల్ల ప్లేటు కారులో దింపి వస్తే ఆ కారును పదిహేనేళ్ల పాటు అడిగే నాథుడు లేడు. మధ్యలో చేయించే పొల్యూషన్ పరీక్ష పొగ వరకే చూస్తుంది. బ్రేకు పడుతోందా, టైరు అరిగిందా అన్నది దానికి పట్టదు. చేతిలో పొల్యూషన్ కాగితం ఉంది కాబట్టి బండి బాగున్నట్టే అనుకుంటే పొరపాటే.

బయటి దేశాల్లో ఇలా ఉండదు. బ్రిటన్‌లో కారుకు మూడేళ్లు నిండితే చాలు, ఏటా ‘ఎంఓటీ’ పరీక్ష చేయించాల్సిందే. 1960లో మొదలైనప్పుడు అది పదేళ్లు దాటిన బండ్లకే. తర్వాత ఆ వయసును తగ్గిస్తూ 1967 నాటికి మూడేళ్లకు తెచ్చారు. జర్మనీ, జపాన్‌లలో కొత్త కారుకు మూడేళ్లకు మొదటి పరీక్ష, ఆపైన రెండేళ్లకోసారి. బ్రిటన్‌లో ఆ ఫలితాలను లెక్కగట్టి బయటపెడతారు. దాదాపు పది కార్లలో మూడు మొదటిసారి తప్పుతుంటాయి. కారణాల్లో ముందువరసలో ఉండేవి లైట్లు, సస్పెన్షన్, బ్రేకులు, టైర్లు. ఇంజిన్ కాదు! ఏటా పరీక్ష రాసే కార్లే ఇలా తప్పుతుంటే, పదిహేనేళ్లకోసారి రాసే మన కారు సంగతి ఆలోచించండి. అందుకే ఒక్కో సబ్జెక్టులో ఎక్కడ మార్కులు పోతాయో ముందే తెలుసుకోవడం మంచిది.

లైట్లు: సులువైన ప్రశ్న... ఎక్కువమంది తప్పేదీ ఇదే

బ్రేక్ లైటు మాడిపోతే డ్రైవరుకు తెలియదు. వెనకాల వచ్చేవాడికి తెలుస్తుంది, అదీ గుద్దేముందు! ఇండికేటర్లు, నంబరు ప్లేటు లైటు, రివర్స్ లైటు... ఇవన్నీ కొద్దిపాటి ఖర్చుతో మారేవే. అయినా బండి తిరస్కరించడానికి ఒక్కటి వెలగకపోయినా చాలు. ఇక హెడ్‌లైట్లు. ప్లాస్టిక్ అద్దం మన ఎండలకు పసుపెక్కి మసకబారుతుంది. బల్బు కొత్తదైనా వెలుతురు ముందుకు పడదు. దాన్ని పాలిష్ చేయించొచ్చు. అలా కాక వెలుతురు చాలడం లేదని కళ్లు జిగేల్మనే బయటి బల్బులు బిగిస్తే ఎదుటివాడికి దారి కనబడదు. ఇన్‌స్పెక్టరుకూ నచ్చదు.

టైర్లు: పుట్టిన తేదీ చదవండి

కారు టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలన్నది నిబంధన. కొలబద్ద అక్కర్లేదు. గాడి అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు గట్లుంటాయి. టైరు అరిగి ఆ గట్ల ఎత్తుకు వచ్చేసిందంటే దాని పని అయిపోయినట్టే. పాత బండి విషయంలో ఇంకో చిక్కుంది. గాడి నిండుగా ఉన్నా రబ్బరు ముసలిదైపోయి ఉండొచ్చు. టైరు పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2314 అని ఉందనుకోండి, 2014లో 23వ వారం తయారైందన్నమాట. గాడి ఎంతున్నా పక్కగోడకు పగుళ్లు కనబడితే ఆ టైరును నమ్మకూడదు.

మెట్రో వచ్చాక ఈ బాధ ఇంకో రూపం ఎత్తింది. 2017 నవంబరులో అమీర్‌పేటకు రైలు వచ్చింది. ఆఫీసుకు మెట్రో, కారు మాత్రం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. ఆదివారం గుడికో, పెళ్లికో తీస్తారు. ‘మా బండి తిరిగిందే తక్కువ’ అని మురిసిపోతాం. కానీ నిలబడే బండికీ జబ్బులొస్తాయి. బరువంతా ఒకేచోట పడి టైరు చదునెక్కుతుంది, బ్రేక్ డిస్కులు తుప్పు పడతాయి, హ్యాండ్ బ్రేకు తీగ బిగుసుకుంటుంది, బ్యాటరీ చచ్చిపోతుంది. మీటరులో కిలోమీటర్లు తక్కువున్నంత మాత్రాన కారు వయసు తగ్గదు.

బ్రేకులు: ఫ్లైఓవరే పరీక్ష హాలు

పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ట్రాఫిక్ ఆగిందనుకోండి. హ్యాండ్ బ్రేకు లాగి, కాలు తీసి చూడండి, వెనక బండికి తగినంత దూరం ఉంటేనే సుమా. కారు వెనక్కి జారిందా? ఫలితం వచ్చేసినట్టే! అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా అడుగుకోసారి బ్రేకు తొక్కే ప్రయాణంలో ప్యాడ్లు, షూలు త్వరగా అరుగుతాయి. అది చాలామందికి తెలుసు. మరిచిపోయేది బ్రేక్ ఆయిల్‌ని. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ వేడెక్కితే ఆవిరి బుడగలు పుట్టి, సరిగ్గా అవసరమైనప్పుడే పెడల్ మెత్తబడిపోతుంది. రెండేళ్లకోసారి మార్పించడం మంచిది.

బండి ఆపి పెడల్‌ని గట్టిగా తొక్కి పట్టుకోండి. అది మెల్లమెల్లగా కిందికి దిగిపోతుంటే ఎక్కడో ఆయిల్ కారుతోందని అర్థం. ఖాళీ రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు కారు ఓ పక్కకు లాగుతోందంటే అన్ని చక్రాలకూ బ్రేకు సమంగా పడటం లేదన్నమాట.

సస్పెన్షన్, స్టీరింగ్: గుంతలు రాసిన ఉత్తరం

మన రోడ్ల గుంతలన్నీ కారు అడుగున లెక్క రాసి పెడతాయి. బుష్‌లు పగులుతాయి, బాల్ జాయింట్లు వదులవుతాయి, షాక్ అబ్జార్బర్లలోంచి ఆయిల్ కారుతుంది. స్పీడు బ్రేకర్ మీద ‘టకటక’ మంటే అద్దాలు ఎత్తి పాటలు పెట్టుకోవడం మందు కాదు. బానెట్ ఓ మూల చేత్తో గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి కుదురుకుంటే సరే. ఉయ్యాలలా ఊగుతూనే ఉంటే షాక్ అబ్జార్బర్ పోయినట్టే. స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా తిప్పినా చక్రాలు కదలడం లేదంటే మధ్యలో ఏదో కీలు వదులైంది. దాన్ని వాయిదా వేయకూడదు.

పొగ: ఇంజిన్ వేడెక్కాకే వెళ్లండి

కారు ఏ ప్రమాణం కాలంలో పుట్టిందో దాన్నిబట్టే పొగ పరీక్ష. హైదరాబాద్‌లో బీఎస్-3 ప్రమాణం 2005 ఏప్రిల్‌లో, బీఎస్-4 ప్రమాణం 2010 ఏప్రిల్‌లో వచ్చాయి. బీఎస్-2, బీఎస్-3 పెట్రోలు కార్ల పొగలో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతాన్ని, హైడ్రోకార్బన్లు 750 పీపీఎంను మించకూడదు. బీఎస్-4కైతే 0.3 శాతం, 200 పీపీఎం. డీజిల్ బండ్లకు పొగ చిక్కదనాన్ని కొలుస్తారు. బీఎస్-4 కంటే పాతవాటికి 65 యూనిట్ల దాకా, బీఎస్-4కు 50 దాకా అనుమతి. సర్టిఫికెట్ పాతవాటికి ఆరు నెలలు, బీఎస్-4, ఆ తర్వాతి వాటికి ఏడాది చెల్లుతుంది.

చాలామంది చేసే తప్పేమిటంటే, సెల్లార్‌లోంచి తీసిన చల్లటి బండిని నేరుగా పొగ పరీక్షకు తీసుకెళ్లడం. సైలెన్సర్ గొట్టంలో ఉండే కెటలిటిక్ కన్వర్టర్ వేడెక్కితే తప్ప పనిచేయదు. ఓ పావుగంట నడిపాక వెళితే మేలు. అప్పటికీ తప్పితే ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, ఆక్సిజన్ సెన్సర్... ఈ వరుసలో చూపించుకోండి.

తుప్పు: మ్యాట్ కింద దాక్కున్న దొంగ

పైన రంగు తళతళలాడుతూనే ఉంటుంది. కాళ్ల కింద మ్యాట్ ఎత్తితే నేల కనబడుతుంది... కారు నేల కాదు, రోడ్డు! వానాకాలం తడిసిన మ్యాట్‌ను ఎండబెట్టకపోతే కింద రేకు తినేస్తుంది. బ్యాటరీ ట్రే, స్టెప్నీ పెట్టే గుంట, తలుపుల అడుగు అంచులు కూడా తుప్పుకు ఇష్టమైన చోట్లే. ఇంకో ముఖ్యమైన సంగతి. తనిఖీలో ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోవాలి. తుప్పు పట్టి అంకెలు చెరిగిపోతే, బండి ఎంత బాగా నడిచినా అది మీ బండేనని రుజువు చేయడమే కష్టమవుతుంది. ముందే ఆ చోటు శుభ్రం చేసి అంకెలు కనబడుతున్నాయో లేదో చూసుకోండి. అలాగని గీకి, దిద్ది, కొత్తగా చెక్కించే పని మాత్రం పెట్టుకోవద్దు. అది నేరం.

కాగితాల పేపరు

బండి బాగున్నా కాగితాల దగ్గర తప్పే కార్లున్నాయి. రంగు మార్చి ఆర్సీలో రాయించకపోవడం, ఇంజిన్ మార్చి చెప్పకపోవడం, గ్యాస్ కిట్ బిగించి నమోదు చేయించకపోవడం... ఇవన్నీ అడ్డుపడతాయి. సీఎన్‌జీ సిలిండరైతే మూడేళ్లకోసారి దానికీ పరీక్ష ఉంది. అద్దాలకు నల్ల ఫిల్ము ఉంటే తీసేయండి, 2012లో సుప్రీంకోర్టు వాటిని వద్దంది. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. ఎప్పుడో తీరిపోయిన బ్యాంకు అప్పు ఆర్సీలో ఇంకా కనిపిస్తుంటే అదీ తీయించుకోవాలి. పెండింగు చలాన్లుంటే కట్టేయాలి.

ఇక ఫీజు. కేంద్రం నిబంధనల ప్రకారం ఒకప్పుడు 600 రూపాయలుండే కారు రెన్యువల్ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. గడువు దాటాక వెళితే నెలకు 500 చొప్పున అదనం. గ్రీన్ ట్యాక్స్ వేరే. ‘ఇంత కట్టడం ఎందుకు, అలాగే తిప్పేద్దాం’ అనుకుంటారా? రిజిస్ట్రేషన్ లేకుండా మొదటిసారి దొరికితే 2,000 నుంచి 5,000 దాకా జరిమానా. రెండోసారి 10,000 దాకా, జైలుకు కూడా అవకాశం ఉంది. అసలు దెబ్బ ఇది కాదు. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు తీరిన ఓ బండి చోరీకి గురైతే బీమా సంస్థ పరిహారం ఇవ్వనక్కర్లేదని 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. కొత్త బండికే అలాగైతే, గడువు తీరిన పాత బండికి జాలి చూపిస్తారా?

కొనేవాళ్లూ... అమ్మేవాళ్లూ!

కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడికి తక్కువ ధరకు దొరికే మొదటి కారు సాధారణంగా ఇలాంటి ఏపీ 09 బండే. ‘ఆర్సీ ఉంది సార్’ అంటే సరిపోదు. ఎప్పటివరకు చెల్లుతుందో చూడాలి. ఇంకో ఏడాదిలో గడువు తీరేదైతే రెన్యువల్ రుసుము, పన్ను, టైర్లు, బ్రేకుల ఖర్చు అన్నీ కలిపి ధర లెక్కేసుకోవాలి. లక్ష రూపాయల కారుకు చివరికి ఎంత పెడుతున్నామో అప్పుడు తెలుస్తుంది. 2020 అక్టోబరు వరదల్లో నగరంలో ఎన్నో కార్లు నీట మునిగాయి. అందుకని సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి బురద గీత ఉందేమో చూడండి. మ్యాట్ కింద ముక్క వాసన వస్తోందేమో గమనించండి.

అమ్మేవాళ్లకూ ఓ హెచ్చరిక. డబ్బు తీసుకుని, తాళం ఇచ్చేసి, చేతులు దులుపుకుంటే కుదరదు. ఒకరి తర్వాత ఒకరుగా చేతులు మారిన కారు ప్రమాదం చేసిన కేసులో, ఆర్సీలో ఎవరి పేరుందో పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే మీరు ఎప్పుడో మరిచిపోయిన కారు, మీరు చూడని రోడ్డు మీద, మీకు తెలియని మనిషి బ్రేకు వేస్తే ఆగకపోతే... నోటీసు మీ ఇంటికొస్తుంది! ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టడమే కాదు, పేరు మారేదాకా వెంటపడాలి.

మరమ్మతు ఖర్చు బండి విలువను దాటిపోతుంటే వదిలేయడమూ ఓ దారే. పదిహేనేళ్లు దాటిన సొంత కారును తుక్కు చేసి తీరాలన్న నిర్బంధం ఇక్కడ లేదు. ఢిల్లీలోని ఆంక్షలు హైదరాబాద్‌కు వర్తించవు. తెలంగాణ 2024 అక్టోబరులో ప్రకటించిన తుక్కు విధానం కూడా స్వచ్ఛందమే. గుర్తింపు ఉన్న కేంద్రంలో ఇస్తే ధ్రువపత్రం వస్తుంది, కొత్త బండి పన్నులో రాయితీ అడగొచ్చు. ఊరికే తుక్కు బేరగాడికి అమ్మేస్తే మాత్రం బండి పోతుంది, కాగితాల్లో మీ పేరు మిగిలిపోతుంది.

ఆదివారం ‘మాక్ టెస్ట్’

కోచింగ్‌కు వెళ్లే పిల్లలు అసలు పరీక్షకు ముందు మాక్ టెస్ట్ రాస్తారు కదా, కారుకూ ఓటి పెట్టండి. ఇంటిల్లిపాదికీ అరగంట పని. మీరు సీట్లో కూర్చుని ఒక్కో లైటూ వేస్తుంటే పిల్లలు ముందూ వెనకా నిలబడి వెలిగిందో లేదో చెబుతారు. అమ్మాయికి టైరు తేదీ చదవడం నేర్పండి. అబ్బాయి వెనక సీటు బెల్టులు లాగి చూస్తాడు. హారన్, వైపర్, నీళ్ల చిమ్మెన, అన్ని తలుపుల గడియలు చూడండి. రాత్రంతా నిలిపిన చోట నేల మీద నూనె మరకలున్నాయేమో గమనించండి. కనిపించిన లోపాలన్నీ ఓ కాగితం మీద రాసి, ‘ఇవి చూడు’ అని మెకానిక్‌కు ఇవ్వండి. ‘అంతా ఓసారి చూడు’ అంటే బిల్లు పెరుగుతుంది కానీ, పని జరిగిందో లేదో తెలియదు.

ఒక్కటి మాత్రం చేయొద్దు. తనిఖీ రోజుకు స్నేహితుడి కారు టైర్లు అరువు తెచ్చి బిగించి, పాసయ్యాక తిరిగిచ్చేయడం. అది పరీక్షలో చిట్టీలు పెట్టడం లాంటిదే. పరీక్ష పెట్టిన అధికారి ఆ కారులో ఎక్కడు, రేపు ఎక్కేది మన పిల్లలే. రెన్యువల్ కాగితం ఐదేళ్లు చెల్లుతుంది. బ్రేక్ ప్యాడ్లు మాత్రం అంతకాలం ఆగవు. అందుకే ఇన్‌స్పెక్టర్ ఐదేళ్లకోసారి వేసే ప్రశ్న, ఇంట్లోవాళ్లు ఆర్నెల్లకోసారైనా వేయాలి... ‘నాన్నా, బ్రేకు పడుతోందా?’